బాగా వంగే ఒంటికి సాగదీత సరిపడలేదు: నెల్లూరు నుంచి ఒక కేసు

ఈ కేసులో ఇద్దరు మనుషులున్నారు, నొప్పి మాత్రం ఒకరికే. భార్యాభర్తలు. ఒకే యోగా క్లాసు, ఒకే గురువు, ఒకే వరుస ఆసనాలు. నాలుగైదు నెలలు తిరిగేసరికి భర్తకి ఏళ్ళ తరబడి ఉన్న నడుం పట్టు సడలింది. భార్యకి పిరుదు కింద, సరిగ్గా కూర్చునే ఎముక దగ్గర, కుర్చీలో అరగంట కూడా ఆనలేనంత నొప్పి మొదలైంది. క్లాసులో అందరికంటే బాగా వంగేది ఆమే.

నెల్లూరులో ఫిజియోథెరపీ చేసే నన్ను ‘నా బాడీ టైప్‌కి ఏ ఆసనాలు మంచివి?’ అని అడగని వారం లేదు. అడిగేవాళ్ళ మనసులో బాడీ టైప్ అంటే సన్నం, లావు, కండ పట్టిన ఒళ్ళు. సాగదీత విషయంలో ఆ కొలత దారి తప్పిస్తుందని ఈ కేసు చూపిస్తుంది. అందుకే వివరంగా రాస్తున్నాను. ఇద్దరి అనుమతీ తీసుకున్నాను. వయసు, ఉద్యోగం, ఉండే చోటు గుర్తుపట్టడానికి వీల్లేకుండా మార్చాను.

నేపథ్యం

ఆమెకి ముప్పై దాటి కొన్నేళ్ళు. కూర్చుని చేసే ఉద్యోగం, రోజూ స్కూటీ మీద రాకపోకలు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. చిన్నప్పుడు కొన్నేళ్ళు కూచిపూడి నేర్చుకుంది. భర్తది దిట్టమైన ఒళ్ళు, కాస్త పొట్ట. షాపులో పొద్దుటి నుంచి రాత్రిదాకా కూర్చునే ఉంటాడు. నిలబడి ముందుకు వంగితే అప్పట్లో ఆయన చేతులు మోకాళ్ళు దాటేవి కావు.

జూన్ 21 యోగా దినోత్సవం ఊపులో ఇద్దరూ దగ్గర్లోని ఉదయం క్లాసులో చేరారు. సూర్యనమస్కారాలు, నిలబడి ముందుకు వంగే ఉత్తానాసనం, కాళ్ళు చాపి కూర్చుని వంగే పశ్చిమోత్తానాసనం, కాళ్ళు ఎడంగా చాపి ముందుకు వంగే ఉపవిష్ట కోణాసనం, చివర్లో వీలైనవాళ్ళకి, ఒక కాలు ముందుకి ఒకటి వెనక్కి నేల మీద చాపే హనుమానాసనం. వీటిలో చెడ్డది ఒక్కటీ లేదు. నేర్పే ఆయన కూడా శ్రద్ధ ఉన్న మనిషి. ఆమె మొదటి వారంలోనే అరచేతులు నేలకి ఆనించేసింది. దాంతో ప్రతి ఆసనానికీ ముందు నిలబెట్టి ‘ఇట్లా చెయ్యాలి’ అని చూపించడం మొదలైంది. మెప్పు దొరికిన చోట మనం ఇంకాస్త లోతుకి పోతాం, అది సహజం.

దీనికి తోడు ఫోన్లో ఒక వీడియో. సన్నటి ఒళ్ళున్నవాళ్ళు నెమ్మదిగా, ఎక్కువసేపు ఆపి సాగదీయాలి, లావుపాటి వాళ్ళు వేగంగా చెయ్యాలి అని అందులో చెప్పారు. ఆమె తాను సన్నం కాబట్టి రాత్రి పడుకునే ముందు కూడా ముందుకు వంగే ఆసనాలే, ఒక్కోటి మూడు నాలుగు నిమిషాలు ఆపి చేసేది. అంటే తొడ వెనక కండరాలకి, వాటిని ఎముకకి కట్టే టెండన్లకి పొద్దునా రాత్రీ అదే లాగుడు. మధ్యలో ఆఫీసు కుర్చీ.

వచ్చిన సమస్య

నొప్పి కుడివైపు. దీపావళి దాటాక సన్నగా మొదలై, సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చే బస్సులో భరించలేనంత అయింది. గట్టి కుర్చీ, స్కూటీ సీటు, నేల మీద కూర్చోవడం, మెట్లెక్కడం, పెద్ద అంగలు వేసి నడవడం, వీటన్నిటికీ పెరిగేది. పడుకుంటే తగ్గేది.

నా దగ్గరికి రాకముందు చేసినవి ఇవి: కాపడం, నొప్పి బిళ్ళలు, నడుముకి బెల్టు. పిరుదు నొప్పి కాబట్టి సయాటికా (నరం నొక్కుకుని కాల్లోకి పాకే నొప్పి) అనుకుని నడుముకి ఎంఆర్ఐ తీయించారు. నడుములో ఎల్4-ఎల్5 వెన్నుపూసల మధ్య మెత్త, అంటే డిస్క్, కొద్దిగా ఉబ్బిందని వచ్చింది. ఇంట్లో అందరూ భయపడ్డారు. అయితే నొప్పి ఏమీ లేనివాళ్ళని స్కాన్ చేసినా ముప్పై ఏళ్ళ వయసులో సుమారు 40 శాతం మందిలో డిస్క్ ఉబ్బు కనిపిస్తుందని 2015లో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో తేలింది. స్కాన్‌లో కనిపించిందల్లా నొప్పికి కారణం కాదు. మనిషి చెప్పేదానితో, పరీక్షలో దొరికేదానితో అది పొసగాలి.

ఇంకొకరు పిరుదు లోపలుండే పిరిఫార్మిస్ కండరం బిగుసుకుందని చెప్పి పిరుదు సాగదీసే ఆసనాలు నేర్పారు. ఆమె వాటినీ కలిపేసింది. ‘లాగితే ఆ పూటకి హాయిగానే ఉంటాది మేడం. తెల్లారేసరికి మళ్ళా పట్టేసుంటాది. అందుకని ఇంకా ఎక్కువ లాగతా ఉండా’ అంది. ఈ కేసు మొత్తానికి తాళంచెవి ఆ మాటలోనే ఉంది. సాగదీసినప్పుడు కాసేపు ఉపశమనం రావడం నిజం. ఆ లాగుడుని నరాల వ్యవస్థ కొంతసేపు ఎక్కువగా ఓర్చుకుంటుంది. కానీ మర్నాడు పొద్దున నొప్పి పెరిగిందంటే, ఆ ఉపశమనానికి చెల్లించిన ధర అప్పుడు బయటపడుతోందని అర్థం. టెండన్ నొప్పుల్లో సాగదీస్తున్నప్పటి హాయి కంటే మరుసటి ఉదయాన్నే నేను ఎక్కువ నమ్ముతాను.

మధ్యలో మూడు వారాలు అన్నీ మానేసి విశ్రాంతి తీసుకుంది. నొప్పి పోయింది. తిరిగి క్లాసుకి వెళ్ళిన మొదటి రోజే వచ్చేసింది. దీనికీ కారణముంది. పని లేని టెండన్ బలపడదు, ఉన్న ఓర్పు కూడా తగ్గించుకుంటుంది. విశ్రాంతి నొప్పిని ఆపింది తప్ప, ఆ నొప్పికి మూలమైన బలహీనతని ఇంకాస్త పెంచింది.

పరీక్షలో తేలింది

ముందు ప్రమాద సూచనలు అడిగాను. రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, మూత్రం మీద అదుపు తప్పడం, కాలు మొద్దుబారడం, పొద్దున లేచాక గంటల తరబడి ఒళ్ళు బిగుసుకుని ఉండడం, ఇవేవీ లేవు. పడుకోబెట్టి కాలు పైకి లేపితే తిమ్మిరి గానీ కరెంటు లాగినట్టు గానీ లేదు. రిఫ్లెక్సులు సమానంగా ఉన్నాయి. డిస్క్ నరాన్ని నొక్కుతోందన్న అనుమానం అక్కడే బలహీనపడింది.

నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించమన్నాను. ఆమె వేలు నేరుగా కూర్చునే ఎముక మీదకి వెళ్ళింది. తుంటిని బాగా వంచి ఉంచి మోకాలిని మెల్లగా చాపితే అదే చోట, అదే నొప్పి. వెల్లకిలా పడుకుని మడమలు దూరంగా పెట్టి, ఒంటికాలి మీద నడుం లేపి ఆపమంటే ఎడమవైపు అరనిమిషం దాటింది, కుడివైపు పది సెకన్లకే వణికి పడిపోయింది. హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక) కండరాల టెండన్, అది పుట్టే ఎముక దగ్గరే దెబ్బతిన్న స్థితికి ఇవన్నీ సరిపోయాయి. దూరాలు పరిగెత్తేవాళ్ళలో, ఎక్కువగా ముందుకు వంగే సాధన చేసేవాళ్ళలో దీన్ని చూస్తుంటాం.

ఇంతటితో ఆపేస్తే సగమే తెలిసినట్టు. ఆమెకే ఎందుకు వచ్చింది, ఆయనకెందుకు రాలేదు?

కీళ్ళ వదులు కొలవడానికి బైటన్ స్కోర్ అని ఒక పద్ధతి ఉంది. ఎవరైనా ఇంట్లో చూసుకోవచ్చు. చిటికెన వేలు వెనక్కి 90 డిగ్రీలు దాటి వంగుతుందా, బొటనవేలు వంచితే ముంజేతికి ఆనుతుందా, మోచెయ్యి చాపినప్పుడు 10 డిగ్రీలకు మించి వెనక్కి పోతుందా, మోకాలు కూడా అలాగే పోతుందా చూడాలి. ఈ నాలుగింటికీ కుడికొకటి, ఎడమకొకటి చొప్పున 8 మార్కులు. మోకాళ్ళు వంచకుండా ముందుకు వంగి రెండు అరచేతులూ నేలకి పూర్తిగా ఆనిస్తే ఇంకొకటి. మొత్తం 9లో పెద్దవాళ్ళకి 5 గానీ ఆపైన గానీ వస్తే కీళ్ళు వదులుగా ఉన్నట్టు లెక్క. యాభై దాటితే 4 వచ్చినా చాలు, ఎందుకంటే వయసుతో అందరి కీళ్ళూ బిగుస్తాయి.

ఆమెకి 7 వచ్చాయి. భర్తకి సున్నా.

కీళ్ళ వదులు జబ్బు కాదు. చాలామందికి పుట్టుకతో వస్తుంది, ఇంట్లో ఇంకొకరికీ ఉంటుంది. ఆమె తల్లికి కూడా బొటనవేలు ముంజేతికి ఆనుతుందట. అయితే కీళ్ళు తరచూ జారిపోవడం, చర్మం మామూలు కంటే సాగడం, చిన్న తాకిడికే కమిలిపోవడం ఉంటే అది వేరే కథ, డాక్టరుకి చూపించాలి. ఆమెకి అవేవీ లేవు.

బిగుతు అనిపించడం, బిగుతుగా ఉండడం

ఆమె మాటిమాటికీ చెప్పిన ఫిర్యాదు ‘తొడ వెనకాల పట్టేసినట్టుంటాది’. పడుకోబెట్టి మోకాలు వంచకుండా కాలెత్తితే ఆ కాలు 110 డిగ్రీలు దాటి వచ్చేసింది. చాలామందికి 80 దగ్గరే ఆగుతుంది. అంత పొడవున్న కండరాన్ని పొట్టిది అనలేం. మరి పట్టేసినట్టు ఎందుకుంది? కీళ్ళు వదులుగా ఉన్నవాళ్ళలో కీలుని నిలబెట్టే పని ఎక్కువగా కండరాల మీద పడుతుంది. అవి ఎప్పుడూ కాస్త బిగించుకునే ఉంటాయి, అలిసిపోతాయి. పైగా దెబ్బతిన్న టెండన్ చుట్టూ ఉన్న కండరం తనను తాను కాపాడుకోవడానికి ఇంకా బిగిస్తుంది. ఆ కాపలాని మనం బిగుతు అనుకుని లాగితే, కాపలా ఉన్నవాడిని తోసేసి ఇల్లు భద్రం అనుకోవడమే అవుతుంది.

ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఉత్తానాసనం చేయించాను. ఆయన వంగితే మోకాళ్ళు వాటంతట అవే వంగాయి, లాగుడు తొడ మధ్యలో కండ భాగంలో తెలిసింది, అక్కడితో ఒళ్ళు ఆపేసింది. ఆమె వంగితే మోకాళ్ళు వెనక్కి లాక్ అయ్యాయి, కటి పూర్తిగా తిరిగింది, ఛాతీ తొడలకి అంటుకుంది. ఆ లోతులో హ్యామ్‌స్ట్రింగ్ టెండన్ కూర్చునే ఎముక మీద మడతపడి దానికే నొక్కుకుంటుంది. ఒకవైపు లాగుడు, ఇంకోవైపు నొక్కుడు. ఈ రెండూ కలిసి రోజుకి రెండుసార్లు, నిమిషాల తరబడి. తర్వాత ఆఫీసు కుర్చీ అదే చోట పైనుంచి నొక్కుతుంది. ఆయన ఒళ్ళు ఆ లోతు దాకా వెళ్ళనే లేదు కాబట్టి ఆయనకి మేలు మాత్రమే దక్కింది.

ఆమె నమ్మకం మారింది ఇక్కడే. నేను చెప్పినందుకు మారలేదు, అద్దంలో తన మోకాళ్ళు వెనక్కి వంగి ఉండడం తానే చూసింది.

బాడీ టైప్ గురించి ఒక మాట

సన్నం, కండ, లావు అన్న మూడు రకాల విభజన 1940ల్లో అమెరికన్ మనస్తత్వవేత్త విలియం షెల్డన్ నుంచి వచ్చింది. మనుషుల ఫొటోలు కొలిచి, ఒంటి ఆకారాన్ని స్వభావంతో ముడిపెట్టాలని ఆయన చూశాడు. ఆ సిద్ధాంతంలోని స్వభావాల భాగం తర్వాత నిలబడలేదు. ఆకారాన్ని వర్ణించే మూడు పేర్లు మాత్రం జిమ్‌ల్లో, వీడియోల్లో మిగిలిపోయాయి. ఏ కీలు ఎంత వంగుతుందో ఆ పేర్లలో లేదు. సన్నగా ఉండి కర్రలా బిగుసుకున్నవాళ్ళని చూస్తున్నాను, బొద్దుగా ఉండి అరచేతులు నేలకి ఆనించేవాళ్ళనీ చూస్తున్నాను.

వాత, పిత్త, కఫ ప్రకృతుల గురించి కూడా చాలామంది అడుగుతారు. ఆహారం, నిద్ర, దినచర్య విషయంలో వైద్యుడు చెప్పింది పాటించేవాళ్ళని నేను ఆపను. ఒక కీలుని సాగదీయాలా వద్దా అన్నది తేల్చాలంటే మాత్రం ఆ కీలునే పట్టుకుని చూడాలి.

సాగదీతకి సంబంధించి నేను చూసే రకాలు ఇంతే: కీళ్ళు వదులుగా ఉండి బలం తక్కువైనవాళ్ళు, కండరాలు బిగుసుకున్నవాళ్ళు, ఎముక అమరిక వల్లే ఒక చోట ఆగిపోయేవాళ్ళు. మూడో రకాన్ని మనం తరచూ మర్చిపోతాం. తుంటి గిన్నె లోతు, తొడ ఎముక మెడ కోణం మనిషి మనిషికీ మారతాయి. పద్మాసనంలో గజ్జల ముందు ఏదో అడ్డుపడి గట్టిగా ఆగిపోతే అక్కడ ఎముక ఎముకని తాకుతున్నట్టే. ఏళ్ళ తరబడి లాగినా ఆ ఎముక జరగదు, దాని భారం మోకాలు మోస్తుంది. సుఖాసనం వాళ్ళకి తక్కువ స్థాయి సాధన కాదు, వాళ్ళ ఎముకలకి సరిపడ్డ అసలు సాధన. ఒకే మనిషిలో తుంటి వదులుగా, భుజాలు బిగుతుగా ఉండడమూ మామూలే. అందుకే మనిషికి ఒక రకం అని ముద్ర వేయడం కంటే కీలు కీలుకీ చూడడం మేలు.

ఏం ఎంచుకున్నాం, ఎందుకు

మొదటి నిర్ణయం యోగా మాన్పించకూడదని. ఆమెకి ఆ గంట ఇంటికీ ఆఫీసుకీ మధ్య తనకంటూ దొరికిన ఒక్క గంట. అది తీసేస్తే నా మాట నాలుగు రోజులు వింటుంది, ఐదో రోజు తిరిగి పాత క్లాసుకే వెళ్ళిపోతుంది. కాబట్టి తీసేసేది చాలా తక్కువగా, కచ్చితంగా ఉండాలి. మోకాలు చాపి తుంటిని పూర్తిగా వంచేవి మాత్రమే ఆపాం: ఉత్తానాసనం, పశ్చిమోత్తానాసనం, ఉపవిష్ట కోణాసనం, హనుమానాసనం. పిరుదు సాగదీసేవి కూడా. సూర్యనమస్కారంలో కిందికి వంగే చోట కుర్చీ మీద చేతులు ఆనించి, మోకాళ్ళు కొద్దిగా వదులు చేసి సగం దాకానే. ప్రాణాయామం, శవాసనం, భుజాల ఆసనాలు యథాతథం.

కూర్చోవడం గురించి కూడా మాట్లాడాం. దెబ్బతిన్న చోట రోజుకి ఎనిమిది గంటలు ఒత్తిడి పడుతుంటే ఏ వ్యాయామమూ నిలవదు. మడిచిన తువ్వాలు తొడల కింద పెట్టి, కూర్చునే ఎముక మీద బరువు తగ్గేలా చూశాం. అరగంటకోసారి లేవడం. పెళ్ళిళ్ళలో బంతి భోజనం కొన్నాళ్ళు టేబుల్ మీదే.

రెండో నిర్ణయం, టెండన్‌కి పని ఇవ్వడం, కానీ నొక్కుడు లేని కోణంలో. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు వంచి నడుం పైకి లేపే సేతుబంధాసనం దీనికి బాగా సరిపోతుంది. తుంటి చాపి ఉంటుంది, హ్యామ్‌స్ట్రింగ్ పని చేస్తుంది. కదలకుండా 30 నుంచి 45 సెకన్లు ఆపడం, ఐదుసార్లు, రోజుకి రెండు విడతలు. నొప్పికి ఒక హద్దు పెట్టుకున్నాం. పదిలో మూడు దాకా పర్వాలేదు, మర్నాటి పొద్దుటికి మామూలు స్థాయికి రావాలి. రాకపోతే మోతాదు ఎక్కువైనట్టు.

పని చేయనివి

మొదటి విడతలో సేతుబంధాసనం ఫలించలేదు. రెండు వారాలకి పిరుదు నొప్పి అలాగే ఉంది, కొత్తగా నడుం నొప్పి వచ్చింది. చేయించి చూస్తే కారణం కనబడింది. వదులు కీళ్ళున్న ఒళ్ళు ఎప్పుడూ సులువైన దారి వెతుక్కుంటుంది. ఆమె నడుముని విల్లులా వంచి పైకి లేస్తోంది, హ్యామ్‌స్ట్రింగ్ దాదాపు ఊరుకుంటోంది. ఎత్తు సగానికి తగ్గించి, పక్కటెముకలు కిందికి దింపి, మడమలు ఒక జానెడు దూరం జరిపాం. అప్పుడు పదిహేను సెకన్లకే తొడ వెనక మండింది. ‘ఇంత తక్కువ లేస్తే ఇంత కష్టమా మేడం!’ అంది. మిగతావాళ్ళకి అందం కోసం చెప్పే ఎత్తు, లోతు, ఈ రకం ఒంటికి తప్పించుకునే దారులవుతాయి.

ముందు మోకాలు వంచి, వెనక కాలు చాపి నిలబడే వీరభద్రాసనంలోనూ అదే. ముందు మోకాలు బాగానే ఉండేది, వెనక కాలి మోకాలు లాక్ చేసి దాని మీద వేలాడేది. కండరానికి పని లేదు, ఎముకల్ని కలిపి కట్టే లిగమెంట్‌కి భారం. మోకాలు పూర్తిగా చాపకుండా ఒక వేలెడు ముందే ఆపమన్నాను. అరనిమిషం ఆపేసరికి చెమట పట్టింది.

రాత్రి సాగదీత ఆమె మానలేదు. చాలా రోజుల తర్వాత చెప్పింది. నేను కోప్పడలేదు, కోప్పడడానికి ఏమీ లేదు కూడా. అది చేస్తేనే నిద్ర పడుతుందనేది ఆమె అనుభవం. నిద్రకి సాయం చేసేది కండరం పొడవు పెరగడం కాదు, చీకట్లో నెమ్మదిగా శ్వాస తీసుకోవడం. కాబట్టి కాళ్ళు కుర్చీ మీద పెట్టి వెల్లకిలా పడుకుని, ఊపిరి వదిలే సమయం పెంచుతూ పది నిమిషాలు చేయించాం. వారం తిరక్కుండానే ముందుకు వంగడం ఆగిపోయింది. ఒక అలవాటు తీసేసేటప్పుడు అది ఏ అవసరం తీరుస్తోందో కనుక్కుని, ఆ అవసరానికి వేరే దారి చూపించాలి.

క్లాసు ఇంకో చిక్కు. పక్కన అందరూ వంగుతుంటే ఆగడం కష్టం. ఆమె అనుమతితో గురువుగారితో మాట్లాడాను. ఆయన శ్రద్ధగా విన్నాడు, బైటన్ పరీక్ష తన మీదే చేసుకుని చూశాడు. ఆ తర్వాత ఆమె చాప ముందు వరసలోంచి గోడ పక్కకి మారింది, చేతులకింద ఇటుకలు వచ్చాయి. చూపించడానికి పిలవడం ఆగింది.

పని చేసింది

కోణం సరిచేశాక ఆరు వారాలకి కుర్చీలో గంటసేపు కూర్చోగలిగింది. అప్పుడు తర్వాతి మెట్టు. బోర్లా పడుకుని కాళ్ళు పైకి లేపే శలభాసనం, ఒంటికాలి మీద సేతుబంధాసనం, వెల్లకిలా పడుకుని మడమల కింద తువ్వాలు పెట్టి టైల్స్ మీద నెమ్మదిగా జార్చడం. ఇవి రోజు మార్చి రోజు. టెండన్‌కి బరువు పని పడ్డ మర్నాడు కోలుకునే సమయం కావాలి.

మూడో మెట్టు అసలు కీలకం: తుంటి వంచుతూ బరువు ఎత్తడం. ఇక్కడ ఆగిపోయేవాళ్ళు చాలామంది. నొప్పి పోయింది కదా అని ఊరుకుంటారు, మొదటిసారి బస్సు ప్రయాణం చేయగానే తిరిగి వస్తుంది. జిమ్‌కి వెళ్ళే తీరిక ఆమెకి లేదు. మూత గట్టిగా ఉన్న 5 లీటర్ల నీళ్ళ డబ్బాలు రెండు తీసుకున్నాం. లీటరు నీళ్ళు కిలో బరువు కాబట్టి లెక్క సులువు. ఒక్కో దాంట్లో 2 లీటర్లతో మొదలుపెట్టి, వీపు నిటారుగా ఉంచి, మోకాళ్ళు కొంచెం వంచి, డబ్బాలు మోకాళ్ళ దాకా దించి లేపడం. ఎనిమిదేసి సార్లు, మూడు విడతలు, నెమ్మదిగా. మర్నాడు పొద్దున బాగుంటే వారానికో అర లీటరు పెంచడం. మూడు నెలల్లో రెండు డబ్బాలూ నిండాయి, తర్వాత ఒంటికాలి మీదకి మారాం.

శ్రావణ మాసంలో దెబ్బ తగిలింది. వరలక్ష్మీ వ్రతం రోజు పీట మీద చాలాసేపు కూర్చుని, ముందుకు వంగి పూజ చేసింది. మర్నాడు నొప్పి పదిలో ఆరు. ‘మళ్ళా మొదటికే వచ్చినామా?’ అని కన్నీళ్ళు పెట్టుకుంది. రాలేదు, దానికి ఆధారం మా చేతిలోనే ఉంది. అంతకు ముందు ఇలా రేగితే తగ్గడానికి రెండు వారాలు పట్టేది. ఈసారి మూడో రోజుకే సర్దుకుంది. అందుకే మొదటి నుంచి మొదలుపెట్టలేదు. బరువు ఒక మెట్టు తగ్గించి, నాలుగు రోజుల తర్వాత తిరిగి పెంచాం. కోలుకునే దారిలో నొప్పి తిరిగి రావడం కంటే, వచ్చింది ఎన్నాళ్ళుంటోంది అన్నదే చూడాలని నేను అందరికీ చెబుతాను.

కార్తీక మాసంలో నరసింహకొండ మెట్లు ఎక్కి దిగింది, మర్నాడు ఇబ్బంది లేదు. ఒంటికాలి పరీక్షలో కుడివైపు నలభై సెకన్లు దాటింది. ముందుకు వంగే ఆసనాలు తిరిగి మొదలయ్యాయి, తన పూర్తి లోతులో మూడో వంతు వదిలేసి, కండరం బిగించి ఉంచి. హనుమానాసనం వద్దని తనే తేల్చుకుంది. బైటన్ స్కోర్ ఇప్పటికీ 7 ఉంది. అది మారాలని మేం ఎప్పుడూ అనుకోలేదు.

భర్త సంగతి

ఆమె బాగుపడడం చూసి ఆయన తనకీ నీళ్ళ డబ్బాలు కావాలన్నాడు. బరువు పని ఎవరికైనా మంచిదే, ఇచ్చాను. కానీ సాగదీత ఆయన మానకూడదు. ఆయన చీలమండలు, తొడ వెనక కండరాలు నిజంగా పొట్టివి. గొంతుక్కూర్చుంటే మడమలు లేస్తాయి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ సూచన ప్రకారం ఒక్కో సాగదీతని 10 నుంచి 30 సెకన్లు ఆపి, మొత్తం 60 సెకన్లు అయ్యేలా తిరిగి చేయాలి, వారానికి కనీసం రెండు మూడు రోజులు. ఒళ్ళు వేడెక్కాక చేయాలి. ఆయన రోజూ చేస్తున్నాడు. పశ్చిమోత్తానాసనంలో మాత్రం పిరుదుల కింద దుప్పటి మడిచి పెట్టుకోమన్నాను. కటి ముందుకు తిరగని వాళ్ళు నేల మీద కూర్చుని వంగితే ఆ వంపంతా నడుములో పడుతుంది. చేతులిప్పుడు చీలమండల దాకా వచ్చాయి.

ఇతరులకి పనికొచ్చేది

మీరు ఏ క్లాసులో చేరినా ముందు బైటన్ పరీక్ష చేసుకోండి, రెండు నిమిషాల పని. 5 గానీ ఆపైన గానీ వస్తే మీకు కావలసింది ఎక్కువగా ఆపి ఉంచే, బలం పెంచే ఆసనాలు: ఉత్కటాసనం (కుర్చీలో కూర్చున్నట్టు నిలబడడం), వీరభద్రాసనం, శలభాసనం, ఫలకాసనం (ప్లాంక్). మోచేతులు, మోకాళ్ళు చివరిదాకా చాపకండి. లోతు మీ గురి కాకూడదు, చివరి అంచుకి ముందే ఆగి కండరంతో పట్టుకోవడం గురి. 0, 1 వచ్చి ఒళ్ళు బిగుతుగా ఉంటే ఓపికగా సాగదీయండి, దుప్పటి, ఇటుక, కుర్చీ వాడుకోండి. ఎక్కడైనా గట్టిగా, ఎముక తగిలినట్టు ఆగితే అక్కడ లాగకండి, ఆసనం మార్చండి.

లాగుడు కండ మధ్యలో తెలియాలి. కీలు దగ్గర, ఎముక అంటుకునే చోట, మోకాలి వెనక గుంటలో తెలిస్తే ఆ లోతు నుంచి వెనక్కి రండి. సాగదీసిన మర్నాడు పొద్దున బిగుతు పెరుగుతుంటే, అది మూడు నాలుగుసార్లు జరిగితే, ఇంకా సాగదీయడం ఆపి ఎవరికైనా చూపించండి. కాలు మొద్దుబారినా, పాదంలో బలం తగ్గినా, మలమూత్రాల మీద అదుపు తప్పినా ఆసనాల గురించి ఆలోచించకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

గురువులకి నాది ఒక విన్నపం. బాగా వంగే శిష్యురాలిని ముందు నిలబెట్టేటప్పుడు ఆమె మోకాళ్ళు చూడండి. క్లాసులో వంగలేనివాళ్ళ మీద మన దృష్టి ఎప్పుడూ ఉంటుంది. బాగా వంగేవాళ్ళు నొప్పి వచ్చినా చెప్పరు, ఎందుకంటే వాళ్ళు బాగా చేస్తున్నారని అందరూ చెబుతుంటారు.

ఆమె ఇప్పుడు వారానికి రెండుసార్లు బరువు పని, మూడు రోజులు క్లాసు. దూర ప్రయాణం ఉన్న వారం బరువు తగ్గించుకుంటుంది, పని మాత్రం ఆపదు. ఆరునెలలకోసారి ఒంటికాలి పరీక్ష చేసి రెండు వైపులా తేడా చూస్తాం. కుడివైపు ఎడమ కంటే పది సెకన్లు తగ్గితే నొప్పి లేకపోయినా ఒంటికాలి సేతుబంధాసనం రోజు మార్చి రోజుకి పెంచాలన్నది మా ఒప్పందం.